తాతయ్యను కుట్టిన పురుగు

నా చిన్నప్పుడు వేసవి విడిది అంటే మాకు కొండలూ కాదు, హోటళ్లూ కాదు. భావనపాడు దగ్గర మా తాతయ్య జీడి తోటలో నాలుగు రోజులు మకాం. రెండు వెదుళ్లు పాతి పాత టార్పాలిన్ కప్పితే అదే మా బంగళా. సముద్రం వినపడేది, కనపడేది కాదు. అమ్మ మూడు రాళ్ల పొయ్యి మీద వండేది. తోట చూసుకునే మామయ్య జీడిపిక్కలు కాల్చి, కొట్టి, పప్పు తీసి పెట్టేవాడు. తినడం నా ఉద్యోగం. అప్పటికింకా బడికి వెళ్తున్నాను. ఏడో తరగతిలో బడీ నేనూ ఒకరికొకరం దండం పెట్టుకుని విడిపోవడం తరవాతి సంగతి.

అక్కడ లోటంటూ ఏమీ లేదు గానీ పురుగులు మాత్రం అవసరానికి మించి ఉండేవి. చెట్టెక్కితే ఎర్రచీమలు. ఇసకలో కూర్చుంటే కంటికి ఆనని నుసిపురుగులు. పొద్దు వాలిందంటే దోమలు. మేం విడిదికి వెళ్లేది తోటకి, అవి విడిదికి వచ్చేది మా ఒంటి మీదికి. ఐదేళ్ల మా చెల్లి రక్తం వచ్చేదాకా గోక్కుని ఏడ్చేది. నేను దాని దద్దుర్లు లెక్కపెట్టి, ఇంకో నాలుగుంటే పనసకాయవి అవుతావని ఏడిపించేవాణ్ణి.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, సన్నాయి వాయించేవాడు. వాళ్ల ఊరి రామాలయంలో శ్రీరామనవమి కల్యాణానికి సన్నాయి వాళ్ల నాన్న తరం నుంచీ ఆ ఇంటిదే. ఆ ఏడు నవమి ఇంకో వారం ఉందనగా మేం తోటకి వెళ్లాం. పొద్దున పూట చెట్ల కింద సాధన, సాయంత్రం పొగ. పగిలిన కుండ పెంకులో కొబ్బరిపీచు నిప్పు చేసి, సగం ఎండిన వేపాకు గుప్పెడు గుప్పెడు వేస్తూ, తాటాకు విసనకర్రతో పొగని మా వైపు తోలేవాడు. పెంకు నిండా ఆకు ఒకేసారి కుక్కనిచ్చేవాడు కాదు. “పొగ దోమకి ఎల్లిపొమ్మని సెప్పాలిరా, మనల్ని ఎల్లగొట్టకూడదు” అనేవాడు. గంటల తరబడి అలా కూర్చునే ఓపిక నాకు చాదస్తంగా కనపడేది.

మూడో రోజు మధ్యాహ్నం మామయ్య పిక్కలు కాలుస్తుంటే నాకో మహత్తర విషయం తట్టింది. ఆ ఘాటు పొగ ఉన్నంతసేపూ చుట్టుపక్కల ఒక్క దోమ లేదు. మనుషులూ లేరనుకోండి, అందరూ దగ్గుకుంటూ దూరంగా పారిపోయారు. ఆ రెండో సంగతే నాకు ఇంకా నచ్చింది. సాయంత్రం తాతయ్య ఆకు తేవడానికి లేచినప్పుడు రెండు గుప్పెళ్ల పచ్చి పిక్కలు నిప్పులో దోపి, పైన వేపాకు కప్పి, చెట్టు వెనక్కి వెళ్లి నిలబడ్డాను. నవ్వు ఆపుకోడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను కూడా.

జీడిపిక్క తొక్కలో నల్లటి నూనె ఉంటుంది. ఒంటికి తగిలితే ఒట్టిగానే చర్మం బొబ్బలెక్కుతుంది. నిప్పు తగిలితే మంటై చిమ్ముతుంది. మా వైపు పిల్లలందరికీ తెలిసిన విషయమే, నాకూ తెలుసు. నవ్వొచ్చే పనిలో ఉన్నప్పుడు నాకు తెలిసినవేవీ గుర్తుండేవి కావు.

తాతయ్య వచ్చి కూర్చున్నాడో లేదో పిక్కలు పేలాయి. మండుతున్న పిక్కలు రెండు మూడు ఎగిరి చెల్లి పడుకున్న చాప మీద పడ్డాయి. ఆయన చెల్లిని ఒక్క తోపుతో ఇసకలోకి దొర్లించి, మండే పిక్కల్ని రెండు చేతులా ఏరి విసిరేశాడు. పెంకుని కాలితో తన్ని ఇసక కప్పాడు. అమ్మ పరిగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది.

“ఏటయ్యింది నాన్నా?”

“ఏటీ నేదమ్మా. పురుగేదో కుట్టినాది.”

అలా అంటూ ఆయన ఒక్కసారి నేనున్న చెట్టు వైపు చూశాడు. అంతే, మళ్లీ చూడలేదు.

తెల్లారేసరికి వేళ్ల కొసలన్నీ బొబ్బలు. మామయ్య చెయ్యి పట్టుకుని చూసి, “ఇది పురుగు కాదు నాన్నా, జీడిలాగున్నాది” అన్నాడు. “నీ తోట పురుగులు గదరా, జీడి తిని బతుకుతన్నాయేమో” అన్నాడు తాతయ్య. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేను.

నవమి నాటికి బొబ్బలు చితికి చర్మం ఊడుతోంది. సన్నాయి రంధ్రాలు వేలి కొసలతో మూయాలి. ఆయన వేలు ఆనిస్తే చాలు, కళ్లు మూసుకునేవాడు. పక్క ఊరి మేళం వచ్చి వాయించింది. తాతయ్య చేతులకి గుడ్డ చుట్టుకుని జనంలో కూర్చున్నాడు, పక్కన నేను. అడిగినవాళ్లందరికీ పురుగు కుట్టిందనే చెప్పాడు. ఆయన ఈడు వాడొకడు నలుగురూ వినేలా, “పురుగు కాదు బావా, వొయసు కుట్టినాది. వాయించనేకపోతే వాయించనేనని సెప్పీ” అన్నాడు. తాతయ్య నవ్వేశాడు. నేను లేచి ఒక్క మాట అంటే సరిపోయేది. ఎప్పుడూ తడుముకోని నా నోరు ఆ రోజు మూతపడింది.

వేళ్లు నెలలో మానాయి. వయసైపోయిందన్న పేరు మానలేదు. మరుసటేడు గుడివాళ్లు ఆ పక్క ఊరి మేళాన్నే పిలిచారు, ఆ తరవాతా వాళ్లనే. తాతయ్య పెళ్లిళ్లకి వాయించాడు, ఊరేగింపులకి వాయించాడు. సొంత ఊరి కల్యాణానికి మాత్రం మళ్లీ కూర్చోలేదు.

మీసాలొచ్చాక ఒకసారి ధైర్యం చేసి, అదీ హాస్యం కింద చుట్టి, “తాతా, ఆ పురుగు ఇప్పుడు పెద్దదైపోయింది” అన్నాను. ఆయన చుట్ట ఆర్పి, “సిన్న పురుగురా అది. దానికి తెలీదు. తెలిస్తే కుట్టునా?” అన్నాడు. ఆ మాటతో నన్ను వదిలేశాననుకున్నాడు. నేను అప్పుడైనా ఊరి వాళ్లకి నిజం చెబుతాననాల్సింది. అనలేదు. ఆయన ఉండగా అనలేదు, పోయాకా అనలేదు. వయసు కుట్టిందని ఎగతాళి చేసినవాళ్లు అదే నిజమనుకుంటూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

తాతయ్య దయలో తప్పు పట్టేంత పెద్దవాణ్ణి నేను ఎప్పటికీ కాను. కానీ ఆ దయ నాకు మిగిల్చింది ఇది: మా మనవడు ఎవరింట్లోనైనా ఏదైనా పాడుచేసి వస్తే, ఆ తప్పు నేను నెత్తిన వేసుకోను. వాడి చెయ్యి పట్టుకుని ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్తాను. వాడు నోరు విప్పేదాకా, ఎంతసేపైనా సరే, ఒక్క హాస్యం కూడా ఆడకుండా పక్కన నిలబడతాను. ఈ ముసలోడు మరీ మొండి అని ఇంట్లోవాళ్లు అంటారు. అననీ. వాడు చెప్పేసి ఇంటికి పరిగెత్తుతాడు, సాయంత్రానికి మరిచిపోతాడు. అలా మరిచిపోయే అదృష్టం కోసమే వాణ్ణి అంత దూరం నడిపిస్తాను.