బండల గూడు, ఈరమ్మ కోళ్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏప్రిల్‌లో నేను బదిలీ మీద ఓర్వకల్లు ప్రాంతపు పశువైద్యశాలలో చేరాను. హోదా అసిస్టెంట్ డైరెక్టర్. పేరులో డైరెక్టర్ ఉందని మా బంధువులు గొప్పగా చెప్పుకునేవారు గానీ, గేదెకు ఈత కష్టమైతే చెయ్యి పెట్టాల్సింది ఆ డైరెక్టరే. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. మా వైపు రోళ్లకు అంత ఓపిక లేదు, ఉగాది దాటగానే మొదలుపెడతాయి.

మా శాఖలో గేదెకున్న మర్యాద కోడికి లేదు. గొర్రెల మందకు జబ్బు చేస్తే జీపు కదులుతుంది. పెరటి కోడికి జబ్బు చేస్తే ఇంట్లో మసాలా నూరతారు. నాకేమో మొదటినుంచీ కోళ్లంటే పిచ్చి. అందుకే తోటి డాక్టర్లు నన్ను 'కోడిగుడ్డు మీద ఈకలు పీకే డాక్టరమ్మ' అని వెనకాల అనుకునేవారు. ఆ మాట నా చెవిన పడినప్పుడల్లా నవ్వొచ్చేది తప్ప కోపం రాలేదు.

ఆ నెలాఖరులో ఒక ఉదయం పక్క ఊరి నుంచి ఈరమ్మ అనే ఆమె చచ్చిన పెట్టను సంచిలో వేసుకుని ఆటో దిగింది. మెడ మీద ఈకలుండని నాటుకోడి అది. ఎండకు బాగా తట్టుకునే జాతి. పుట్టింటి నుంచి తెచ్చుకుని ఏళ్లుగా పెంచుకుంటోంది. ఆ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా అవి లేవు.

"సందకాడ సజ్జలు బాగా తిన్యాయమ్మా. గూట్లో ఏసి మూసినా. తెల్లారి సూస్తే కొన్ని సచ్చిపడుండాయి. ఈ వారమంతా ఇదే కత" అంది. ఊరివాళ్లు కొక్కెర తెగులని తేల్చేసి, ఆ కోళ్లను ఊళ్లో ఉంచొద్దంటున్నారట. "మా ఆయప్ప కోళ్ల బేరగానికి చెప్పినాడు. ఈ మాపే వచ్చి అన్నీ ఎత్తకపోతాడంట. నాకు ఒక్కటి గూడా మిగలదమ్మా" అని కళ్లు తుడుచుకుంది.

కొక్కెర తెగులంటే చిన్న విషయం కాదు. అది వైరస్ జబ్బు. కోడి మెడ తిప్పేస్తుంది, పచ్చగా పారుతుంది, వారం తిరిగేలోగా పెరళ్లు ఖాళీ అవుతాయి. అదే నిజమైతే బేరగాడి గంపల్లో ఆ జబ్బు నందికొట్కూరు దాకా ప్రయాణం చేస్తుంది. నిజం కాకపోతే ఈరమ్మ కోళ్లు ఊరికే పోతాయి. తేల్చుకోవడానికి నాకు ఉన్నది ఆ పగలు మాత్రమే.

కోడిని బల్ల మీద పెట్టి కోశాను. తెగులైతే జీర్ణాశయం లోపలి పొర మీద సాధారణంగా రక్తపు చుక్కలు కనిపిస్తాయి. ఒక్కటీ లేదు. రొమ్ము కండ మాత్రం వేడినీళ్లలో ముంచి తీసినట్టు తెల్లబారి ఉంది. అది వడదెబ్బ గుర్తు. కానీ వడదెబ్బ తగిలిన కోడి మిట్టమధ్యాహ్నం చావాలి గదా, ఇవి రాత్రిళ్లు చస్తున్నాయి. అదీగాక, ఎండకు తట్టుకునే జాతి. నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. నియమం ప్రకారం నమూనాలు ఐసులో పెట్టించి కర్నూలు ల్యాబుకు పంపాను. పై అధికారి డిప్యూటీ డైరెక్టర్ గారికి ఫోన్ చేస్తే, ఫలితం వచ్చేదాకా ఆ కోళ్లను ఊరు దాటనివ్వద్దన్నారు. చెప్పడం సులభమే. బేరగాడికి ఆ సంగతి తెలియదు. మధ్యాహ్నం భోజనం కాగానే ఊరికి బయల్దేరాను.

ఈరమ్మ కోళ్లు కంచె నీడన మట్టిలో పొర్లుతూ కనిపించాయి. ఎండకు నోళ్లు తెరిచి, రెక్కలు దూరం పెట్టి రొప్పుతున్నాయి గానీ ఒక్కటీ తూగడం లేదు. పక్కిళ్ల కోళ్లూ వాటితో కలిసి అదే దిబ్బ మీద గీరుతున్నాయి. పక్కిళ్లలో ఒక్క కోడీ చావలేదని విచారిస్తే తెలిసింది. తెగులు ఇంటి నంబరు చూసుకుని రాదు. కారణం ఈ ఇంట్లోనే ఉంది. అదేదో దొరికేదాకా కదలకూడదని సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను.

పొద్దు గూకింది. ఈరమ్మ కోళ్లను గూటివైపు తోలింది. అవి గూటి దాకా వచ్చి, ఆగి, పక్కకు పరుగెత్తాయి. ఆమె ఒక్కొక్కదాన్ని పట్టి లోపలికి తోయబోయింది.

"రోజూ ఇదే రచ్చమ్మా. గూడు కొత్తది గదా, అలవాటు గాలేదు" అంది.

నేను ఆమెను ఆపి గూట్లోకి చెయ్యి పెట్టాను. వెంటనే తీసేశాను. గూడంతా నల్ల బండలే, కిందా పక్కలా పైనా. పగలంతా ఎండను తాగిన బండలు పొద్దుగూకాక దాన్ని లోపలికి వదులుతున్నాయి. నా పశువుల థర్మామీటరును లోపల ఉంచి కాసేపాగి తీస్తే పాదరసం చివరిదాకా ఎక్కి ఉంది. నాకు గంతులేయాలనిపించింది. చీర కట్టుకున్న ఆఫీసరును కాబట్టి ఆగాను.

గూడు కట్టింది ఆమె భర్త మద్దిలేటి. బండలు పరిచే పని అతనిది. పాత గంప కింద నుంచి అడవిపిల్లి రెండుసార్లు కోళ్లను ఎత్తుకుపోతే, మిగిలిన బండలు తెచ్చి, సందు లేకుండా సిమెంటు పూసి కట్టాడు. "పిల్లి గాదు మేడం, గాలి గూడా దూరదు" అని గర్వంగా చెప్పాడు. అదేనప్పా జబ్బు అన్నాను. కోడికి చెమట పట్టదు, రొప్పి రొప్పి ఒంట్లో వేడిని బయటికి పంపుతుంది, గాలాడని చోట ఆ రొప్పుడు పనిచేయదు అని వివరించాను. అతని ముఖం చిన్నబోయింది.

అంతలో బేరగాడు బండికి రెండు వైపులా గంపలు కట్టుకుని వచ్చాడు. మద్దిలేటి తన భార్య వంక చూశాడు. ల్యాబు ఫలితం రాకుండా కోళ్లు కదలకూడదని నేను చెప్పవలసింది చెప్పాను. ఈ రాత్రి ఒక్కటీ చావదని మాత్రం హామీ ఇవ్వలేదు. వైద్యంలో ఆ మాట ఎవరూ ఇవ్వకూడదు. ఈరమ్మే బేరగాడి దగ్గరికి నడిచింది.

"ఈ రాత్రికి నా కోళ్లు నా కాడ్నే ఉంటాయి. పోయి రా నాయనా" అంది.

నాలుగు రాళ్లు పెట్టి వాటి మీద నులకమంచం వేయించాను. చుట్టూ తుమ్మకంప దట్టంగా పేర్పించాను. పిల్లి రాదు, గాలి వస్తుంది. కింద నేల తడిపి, మట్టి మూకుడులో నీళ్లు పెట్టాం. ఈసారి కోళ్లు ఎవరూ తోయకుండానే లోపలికి పోయాయి.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. తెల్లవారగానే ఈరమ్మ ఫోన్ చేసింది. ఆమె నోరు విప్పకముందే వెనక పుంజు కూత వినిపించింది. "అన్నీ ఉండాయమ్మా, అన్నీ" అంది. నేను వంటింట్లో నిలబడి ఒక్కదాన్నే పెద్దగా నవ్వాను. కొన్నాళ్లకు ల్యాబు నుంచి తెగులు లేదని వచ్చింది. ఆలోగా ఆ ఇంట ఇంకో కోడి చావలేదు.

ఫలితం చెప్పడానికి వెళ్లిన రోజు మద్దిలేటి గూటి మీది బండలు ఊడదీస్తూ కనిపించాడు. నన్ను చూసి గడ్డపార పక్కన పెట్టాడు.

"మా ఇంటి మీద గూడా ఇవే బండలు మేడం. లోపల ఉడుకుతాదని ఎండాకాలమంతా మేము బయటే మంచాలేసుకుని పండుకుంటాము. ఆటిని మాత్రం లోపలేసి తలుపు మూసినా" అన్నాడు.

రిటైరయ్యేదాకా ఏ ఊరికి పోయినా, చచ్చిన కోడిని కోసే ముందు రెండు ప్రశ్నలు అడిగేదాన్ని. అది ఎక్కడ పడుకుంది, దాని యజమాని ఎక్కడ పడుకున్నాడు.