పాకిందా, అక్కడే పుట్టిందా

పొద్దున్నే మా ల్యాబులో స్లైడ్ల తయారీకి వాడే జైలీన్ సీసా మూత తీస్తే వచ్చే వాసన కొత్తగా చేరినవాళ్లకు తలనొప్పి తెప్పిస్తుంది. కొంచెం తియ్యగా, కొంచెం ఘాటుగా, పెట్రోలు బంకులో నిలబడ్డట్టు ఉంటుంది. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు డాక్టర్ రత్నకుమారి మేడమ్ పక్క గదిలోనే ఉన్నట్టనిపిస్తుంది. విశాఖపట్నంలో నేను మొదట చేరిన ఆసుపత్రిలో ఆవిడ పాథాలజీ విభాగానికి పెద్ద. రోగి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కను మైక్రోస్కోపు కింద చూసి, జబ్బేమిటో రాసివ్వడం మా పని. రోగులకు మేము కనబడము. కాగితం అడుగున మా సంతకం మాత్రం కనబడుతుంది.

నేను చేరేనాటికి చదువులో మంచి పేరు తెచ్చుకున్నదాన్ని. వన్‌టౌన్‌లో గడియారాలు బాగుచేసే మా నాన్న, కంటికి భూతద్దం పెట్టుకుని పగలంతా చిన్న చిన్న చక్రాలు చూసేవారు. నస్రీన్‌కి నా కళ్లే వచ్చాయి అని అందరికీ చెప్పుకునేవారు. ఆ మాట నాకు కాస్త తలకెక్కింది. స్లైడు పెట్టిన రెండు నిమిషాల్లో జబ్బు పేరు చెప్పేయడమే గొప్పతనం అనుకునేదాన్ని. మేడమ్ అలా కాదు. కంచరపాలెంలో రైల్వే గ్యాంగ్‌మన్ ఇంట పుట్టిన మనిషి. ఆదివారం చర్చిలో ఆవిడ గొంతు అందరికంటే పైకి వినబడుతుందనేవారు. ల్యాబులో మాత్రం ఒక్కో స్లైడునీ గంటసేపు మాటాపలుకూ లేకుండా చూసేవారు.

చేరిన మూడో నెలలో నా బల్ల మీదికి ఒక కాలేయపు ముక్క వచ్చింది. సూదితో తీసింది, దారప్పోగంత సన్నం. కాలేయంలో సొంతంగా పుట్టే క్యాన్సర్లలో ఎక్కువ భాగం కాలేయ కణాలకే వస్తాయి. ఇందులో ఆ కణాలు లేవు. చిన్న చిన్న గొట్టాల్లా, గ్రంథుల్లా పేర్చుకున్న కణాలున్నాయి. ఆ ఆకారం కాలేయంలో కనబడితే చాలాసార్లు అది పేగు నుంచో కడుపు నుంచో రొమ్ము నుంచో వచ్చి చేరినదై ఉంటుంది. నేను వెంటనే రాసేశాను: వేరే చోట పుట్టి కాలేయానికి పాకిన క్యాన్సర్. సంతకానికి మేడమ్ ముందు పెట్టాను.

ఆవిడ స్లైడు చూశారు, కాగితం చూశారు.

“ఏ చోట నుంచి పాకిందమ్మా?”

“అది వార్డులో డాక్టర్లు వెతుక్కుంటారు కదా మేడమ్.”

“పాకిందని నువ్వు రాసేశాక ఇంకెవరు గట్టిగా వెతుకుతారు? పాకినదాన్ని సాధారణంగా కోసి తీయరు కదా, ఆపరేషన్ మాట అక్కడితో ఆగిపోతుంది. పద, మనిషిని చూసొద్దాం.”

మైక్రోస్కోపు వదిలి వార్డుకు వెళ్లడమేమిటని నాకు చిరాకు వేసింది. అయినా వెనకాలే నడిచాను.

ఆ మనిషి పేరు నూకరత్నం. జాలరిపేటలో చేపలు అమ్ముతుంది. యాభై దాటి ఉంటాయి. పక్కటెముకల కింద బరువుగా ఉందని, తిండి సయించడం లేదని వచ్చింది. మేడమ్ మంచం అంచున కూర్చుని పేరు అడిగారు, ఊరు అడిగారు, ఆ తర్వాతే జబ్బు సంగతి. అప్పటిదాకా నాతో పుస్తకాల తెలుగు మాట్లాడిన మనిషి, ఒక్కసారిగా కంచరపాలెం అమ్మాయి అయిపోయారు.

నూకరత్నం మాకంటే ముందు తనే ఒక మాట చెప్పింది. “అమ్మా, నాను సుక్క ముట్టనేదు. లివరు పాడైపోనాదంటే దొంగసాటుగా తాగిందనుకుంతన్నారు మా పేటలో. నా కూతురు కూడా అడిగేసినాది.” కూతురు మంచం పక్కన తల దించుకుంది.

“తాగినోళ్లకే వస్తాదని ఎవులు సెప్పినారు?” అన్నారు మేడమ్. “లివర్లో సన్నసన్న గొట్టాలుంటాయి. పిత్తం వాటిలోంచి పేగులోకి దిగుతాది. ఆ గొట్టాల్లోనే ఒకోసారి గడ్డ పుడతాది. నీది అదేనేమోనని సూత్తన్నాం.”

“పిత్తమంటే ఏటమ్మా?”

మేడమ్ చెప్పబోయి ఆగారు. “సేప కోసినప్పుడు నువ్వు జాగర్తగా ఏది తీసి పారేత్తావు?”

నూకరత్నం ముఖం విప్పారింది. “పచ్చగా తిత్తుంటాది. అది సితికితే సేపంతా సేదే. అదేనా? మనకీ ఉంటాదా?”

“మనకీ ఉంటాది.”

“అయితే నాకు తెలుసు,” అంది ఆవిడ. నేను ఏళ్ల తరబడి చదివి నేర్చుకున్నదాన్ని ఆ మనిషి రోజూ చేత్తో పట్టుకుంటోంది. నూకరత్నం మళ్లీ అడిగింది: “సానా మందికి రాదంట కదా ఇది. మరి నాకే ఎందుకొచ్చినాది?”

“తెలీదమ్మా,” అన్నారు మేడమ్. “నిజంగా తెలీదు. అరుదు అన్నది మా పుస్తకాల్లో మాట. వచ్చినోళ్లకి అరుదేటి, మొత్తం వచ్చినట్టే. నువ్వు సేసిన తప్పు మాత్రం ఏటీ నేదు.”

కూతురు అప్పుడు తలెత్తి తల్లి చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత రెండు వారాలు వెతికాం. కడుపులోకి, పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూశారు. రొమ్ములు, ఊపిరితిత్తులు, క్లోమం అన్నీ పరీక్షించారు. మేము ఆ దారప్పోగుకే ప్రత్యేక రంగులు వేసి మళ్లీ మళ్లీ చూశాం. ఎక్కడా ఇంకో గడ్డ లేదు. కాలేయంలో ఎడమ పక్కన ఉన్నది ఒక్కటే. అయినా రిపోర్టు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ రంగులు కూడా అటో ఇటో కచ్చితంగా తేల్చవు. తప్పయితే పేరు పోతుందన్నాను.

“తెలిసినంత రాయి. తెలియనిది తెలియదని రాయి. ఆ పక్కనే, ఎందుకు అలా అనుకుంటున్నావో రాయి. సర్జన్‌కి కావలసింది నీ పేరు కాదు,” అన్నారు మేడమ్.

అలాగే రాశాను: కాలేయంలోని పిత్తనాళాల్లోనే పుట్టినదై ఉండవచ్చు, వేరే చోట మూలం కనబడలేదు, రోగిని చూసి నిర్ణయించండి. సర్జన్ ఫోన్ చేసి మేడమ్‌తో అరగంట మాట్లాడారు. తర్వాత కాలేయంలో ఎడమ భాగం తీసేశారు. ఆ ముక్క మా దగ్గరికే వచ్చింది. అంచులన్నీ నేనూ మేడమూ ఒకరి తర్వాత ఒకరం చూశాం. అంచుల్లో క్యాన్సర్ లేదు, అంటే గడ్డ మొత్తం బయటికి వచ్చేసినట్టే. మేడమ్ కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంటూ, “టీ తెప్పించమ్మా,” అన్నారు. అంతే.

నూకరత్నం కొన్ని నెలలు మాత్రలు మింగింది, క్రమం తప్పకుండా స్కానింగులకు వచ్చింది. నాలుగేళ్ల తర్వాత ఒక ఉదయం మేమిద్దరం జాలరిపేట ఒడ్డుకు వెళ్లినప్పుడు, తట్ట ముందు కూర్చుని బేరాలాడుతోంది. ఒళ్లు చేసింది. మేడమ్‌ని చూసి లేచి, పక్క తట్టల ఆడవాళ్లందరినీ పిలిచింది. ప్రాణం నిలిపిన డాక్టరమ్మ అంటుందేమో అనుకున్నాను. “ఇదిగో, ఈ అమ్మే,” అంది. “నాను తాగనేదని సెప్పినమ్మ. అడగండి ఇప్పుడు.” మేడమ్ అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడావిడ రిటైరై పెందుర్తిలో ఉంటున్నారు. నెలకోసారైనా వెళ్తాను. వరండాలో కూర్చుని కొత్త కేసులు చెప్పించుకుంటారు. ఆ రోజు నన్ను వార్డుకు ఎందుకు తీసుకెళ్లారని ఒకసారి అడిగాను. గేటు వైపు చూస్తూ చెప్పారు.

“నేనూ నీ వయసులో అలాగే రాశాను. పాకిందని. ఎవరూ వెతకలేదు, నేనూ అడగలేదు. ఆ రోగి పోయాక స్లైడు మళ్లీ తీసి చూశాను. అక్కడే పుట్టిందేమో, తీయగలిగేవారేమో, ఇప్పటికీ తెలీదు. ఆయన ముఖమైనా నేను చూడలేదమ్మా. అదొక్కటీ మాత్రం నీకు ఉండకూడదనుకున్నాను.”

ఆవిడ బాధపడుతూ చెప్పలేదు. చెప్పి, లోపలికి వెళ్లి నాకు మజ్జిగ తెచ్చారు. ఆ తప్పును ఇన్నేళ్లుగా దాచకుండా, దానికి లొంగకుండా మోసిన మనిషి ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగడం నాకు హాయిగా అనిపించింది.

పోయిన వారం స్టీల్ ప్లాంటులో పనిచేసే ఒకాయన కాలేయపు ముక్క వచ్చింది. మళ్లీ అవే గొట్టాల ఆకారాలు. మూడు రోజులు చూసి కిందికి దిగి వార్డుకు వెళ్లాను. ఆయన భార్య పక్కన కూర్చుని పళ్లు కోస్తోంది. నేనెవరో చెప్పాను.

“ఏటని తేలిందండీ?” అన్నారాయన.

“ఇంకా నాకు తెలియలేదండీ. వెతుకుతున్నాం. మీతో కొంచెం మాట్లాడి వెళ్దామని వచ్చాను.”

ఆయన కాళ్లు ముడుచుకుని, మంచం మీద నాకు చోటిచ్చారు.