మొన వంగిన సూది

మా నాయన మిషను బడిలో అయ్యవారు. ఇంట్లో దయ్యాల మాట ఎత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయేవారు. నేనూ అట్లాగే పెరిగాను. నర్సుగా ఎన్నో చావులు చూశాను, దేనికీ భయపడలేదు. ఇది మాత్రం నా కళ్ళతో చూసింది.

ఎనభైల మొదట్లో నంద్యాలలో ఒక చిన్న నర్సింగ్ హోములో పనిచేసేదాన్ని. నడుము నుంచి కాల్లోకి నొప్పి దిగేవాళ్ళకు డాక్టరు వెన్ను పక్కన నరం దగ్గర మందు ఎక్కించేవారు. అప్పట్లో సూదులు పారేసేవాళ్ళం కాదు. ఉడకబెట్టి మళ్ళీ వాడేవాళ్ళం. లావు సూది లోపల ఎక్కువ గాయం చేస్తుందని డాక్టరు సన్నదే అడిగేవారు. సన్నదాని మొన తొందరగా వంగుతుంది. వంగితే నరాన్ని గీరుతుంది. అందుకే ప్రతి సూదినీ దూది మీద లాగి చూడటం నా పని. పోగు పట్టుకుంటే పక్కన పెట్టాలి.

ఒకరోజు ఉదయం పదిగంటలకు సూదులు ఉడకబెట్టే గదిలోకి ఒకాయన వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. కుడికాలు ఈడుస్తున్నాడు. చొక్కా నిండా రాతిపొడి.

"నాది ఆళ్లగడ్డ. బొమ్మలు చెక్కుతా. రేపు నాకేసే సూది సూపీమ్మా" అన్నాడు.

చూపించకూడదు. అయినా చూపించాను. బొటనవేలి గోరు మీద మొన ఆనించి చూసుకున్నాడు.

"మొన వంగింది. ఉలి ఇట్లుంటే నేను రాతి మీద పెట్టను. ఇది నాకొద్దు."

ఆయన పోయాక దూది మీద మూడుసార్లు లాగాను. పోగు పట్టలేదు. ఉన్న సన్న సూది అదొక్కటే. మళ్ళీ ఉడకబెట్టి ట్రేలో పెట్టాను.

మరుసటి రోజు ఆయన్ను భార్య, ఇంకొకాయన చెరో భుజం పట్టి మోసుకొచ్చారు. అదే ముఖం, అదే కాలు.

"నిన్న నీ కాళ్ళ మీదే నడిచొచ్చినావు గదన్నా" అన్నాను.

"నేనా? ఈ ఆస్పత్రి మొగం సూడటం ఇదే" అన్నాడు.

"నెలనాళ్ళుగా మంచం దిగల్యామ్మా. నిన్న పొద్దున నేనే తాపినా గంజి" అంది భార్య.

ఓపీ పుస్తకం తిరగేశాను. ముందురోజు పేజీలో ఆయన పేరు లేదు. డాక్టరుకు చెప్పాలనుకున్నాను. ఏమని చెప్పను? సూది అందించాను.

మందు ఎక్కేటప్పుడు "కాల్లోకి మెరుపు కొట్టినట్టుంది" అన్నాడు. డాక్టరు సూదిని కొంచెం వెనక్కి లాగి, మిగతా మందు ఎక్కించారు.

ఆ కాలు మళ్ళీ లేవలేదు. పాదం వేలాడిపోయింది.

సాయంత్రం ఆ సూదిని దూది మీద లాగాను. మొదటిసారికే పోగు పట్టుకుంది. లోపల ఎముకకు తగిలి వంగి ఉంటుందన్నారు డాక్టరు. అయ్యుండొచ్చు.

నాలుగు నెలలకు ఆళ్లగడ్డ వెళ్ళాను. కాలు మడిచి రాతి ముందు కూర్చోలేక ఆయన పని మానేశాడు. అరుగు మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పాను.

"నేనే వచ్చి చెప్పినా నమ్మల్యామ్మా నువ్వు?" అన్నాడు.

కోపంగా అనలేదు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది. తాగి బస్సెక్కాను.

ఆ ఉదయం నాతో మాట్లాడింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.