గంజి పెట్టిన పడవ

మా ఇంటామె ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు. మేకతో మాట్లాడేది. "మేకా, అన్నం పెట్టినాను, తినమని చెప్పు ఆ మనిషికి," అనేది. నేనూ తక్కువ తిన్లేదు. "మేకా, చారులో ఉప్పు లేదని చెప్పు," అనేవాణ్ణి. మేక ఇద్దరి మొగాలూ చూసి విస్తరాకు నమిలేది.

తప్పు నాదే అంటారు అందురూ. కాదు, చెరువుది. మా నగరి ఊరి పక్కన చెరువు నిండిందంటే ఆమె పుట్టినూరు ఎదురుగ్గా కనిపిస్తానే ఉంటాది గానీ, పోవాలంటే కట్ట చుట్టుకోని మూడు మైళ్లు నడవాల. ఒకసారి ఆ నడకలో కాళ్లు నొప్పి పుట్టి, "ఈ ఊర్లో ఒక పడవన్నా లేదే," అనింది. పెండ్లయిన పదేండ్లలో ఆమె నోరు తెరిచి అడిగిన వస్తువు అదొక్కటే. తేకుండా ఎట్లుండేది?

డ్యాం పని ముగించుకోని పోయిన కంట్రాక్టరు ఒకడు తిరుపతి దగ్గిర పారేసిపోయిన పాత పడవ దొరికింది. రెండు పొడుగాటి ఇనప పీపాలు, వాటిమింద పలకలు. కోస్తాలో దీన్ని పంటు అంటారంట. తుప్పు పట్టి జల్లెడయిపోయి ఉండాది. లారీలో తెచ్చి వాకిట్లో దింపినాను. ఆమె నూలుకు గంజి పెట్టి ఆరేసుకునేది ఆ వాకిట్లోనే, నాకు ఆ తలపే రాలేదు. "ఇది నీళ్లలో తేలిందాకా నీతో మాట్లాడితే ఒట్టు," అని రాట్నం ఎత్తుకోని పొయ్యి పక్కకు పోయింది.

ఆ ఏడే వానలు మొగం చాటేసినాయి. చెరువులో మా మేక మేస్తా ఉండాది.

పొద్దున మగ్గం, సాయంత్రం పడవ. ఇటికరాయి ముక్కతో తుప్పంతా గీకినాను. చివికిన పలకలు తీసి, మా నాయన కాలం నాటి విరిగిన మగ్గం చెక్కలు బిగించినాను. అరవదేశం నుంచి తిరుమలకు నడిచిపోయే భక్తులు మా వీధినే పోతారు. వాళ్లు దాన్ని సామి తెప్ప అనుకోని, కర్పూరం వెలిగించి మూడు చుట్లు తిరిగి పోయేవాళ్లు. వద్దంటే వినరు. ఒకామె నా కాళ్లకు కూడా మొక్కింది.

పెద్ద బొక్కలకు రేకు ముక్కలు కొట్టినాను. సందులకు తారు పుయ్యమన్నాడు లారీ డ్రైవరు. తారా! నేసేవాళ్ల వీధిలో! ఒక్క చుక్క నూలుకు అంటితే చీరె పాయె. వీధి పెద్దలు నలుగురు పడవ చుట్టూ కూసోని తీర్పు చెప్పినారు: నూలు పురిపెట్టి సందుల్లో దూర్చు, పైన చిక్కంగా గంజి పట్టించు. మా వీధిలో వదులైనదానికల్లా గంజే మందు. ఎండకు ఎండినాక కొట్టి చూస్తే గంగాళం మోగినట్టు మోగింది. అందురం మురిసిపోయినాము.

ఆమె మేక మెడ నిమురుతా, "మేకా, గంజి నీళ్లలో నానదా?" అనింది.

నాకు ఒళ్లు మండింది. "నువ్వు నోరు మూసుకో," అన్నాను, మేకతోనే.

కార్తీకంలో తుపాను పట్టింది. మూడు దినాలు కుండపోత. చెరువు సగం నిండింది. వీధంతా కలిసి పడవను మోసుకోని పోయినాము. టెంకాయ కొట్టినాము. ముందు నేనొక్కణ్ణే ఎక్కినాను. తేలింది! కట్టమింద ఆమె మేకను పట్టుకోని నిలబడి ఉండాది. ఇంక మాట్లాడతాది, ఒట్టు తీరిపాయె అని నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆ గొంతుకు అంతగా మొగం వాచి ఉన్నాను.

ఇరవై బారలు పోయినాను. పడవ చుట్టూ నీళ్లు తెల్లంగా అయినాయి. చేపలన్నీ గంజికి ముసురుకున్నాయి. పీపాల్లో బుడబుడమని శబ్దం. పడవ నన్ను కూసోబెట్టుకోనే నిదానంగా కిందికి దిగింది. నాకా ఈత రాదు. చెక్కలు గట్టిగా పట్టుకోని గోవిందా అన్నాను. కట్టమింద వాళ్లూ గోవిందా అన్నారు, వాళ్లది వేడుక.

అప్పుడు వినపడింది. "నిలబడయ్యా! లేసి నిలబడు! మన మేక మేసే చోటే గదయ్యా అది, నడుం దాకా గూడా రాదు!"

నాతో. మేకతో కాదు, నాతో.

నేను లేవలేదు. గొంతు దాకా నీళ్లలో కూసోనే, "చెవుల్లో నీళ్లు పోయినాయి, వినపడలా, ఇంకోసారి చెప్పు!" అని అరిచినాను.

ఆమె మేక తాడు వదిలేసి, కొంగు దోపుకోని నీళ్లలోకి దిగింది. చేపల్ని తోసుకుంటా నా దగ్గిరికొచ్చి, చెవి పట్టుకోని, ఇంకోసారి చెప్పింది.