అలిగిన నడుము

ఆ రోజుల్లో నాకు నడుము అనేది ఒకటుందనే తెలియదు. పొట్ట, పళ్లు, మోకాళ్లు అప్పుడప్పుడూ ఏదో ఒక కబురు పంపేవి గాని, నడుము మాత్రం నోరెత్తకుండా తన పని తాను చేసుకుపోయేది. ఎనభైల మొదట్లో మేం అరబ్బు దేశంలో, సాల్మియా అనే ఊళ్లో ఉండేవాళ్లం. నాన్నకి మిర్కాబ్‌లో ఆఫీసు, నాకు పదిహేనేళ్లు. మా బళ్లో స్పోర్ట్స్ డే వస్తోందంటే ఒక్కో హౌస్‌కీ చీర్‌లీడర్లని ఎంచేవారు. ఎల్లో హౌస్‌లో అందరికంటే ముందు నిలబడి, వెనక్కి విల్లులా వంగి, చేతులు నేలకానించి, మళ్లీ లేచి కేకపెట్టే చోటు నాది. (ఆ చోటు కోసం కాచుక్కూచున్న వాళ్ల పేర్లు నాకిప్పటికీ గుర్తే.) నాన్న లెక్కలో మాత్రం చీర్‌లీడర్లంటే చప్పట్లు కొట్టే పిల్లలు. అమ్మది కోనసీమ, ఆవిడకి ఆ మాత్రం గౌరవం కూడా లేదు. "ఆడేవోళ్లు ఆడుతుంటే పక్కన మీరెందుకే గెంతడం?" అనేది.

ఒకరోజు క్లాసులోంచి తిన్నగా గ్రౌండులోకి పరుగెత్తి, ఒళ్లు కాస్తైనా వేడెక్కకుండా వంగడం మొదలెట్టాం. మా పీటీ టీచరుని విజిల్ మిస్ అనేవాళ్లం. ఆవిడ 'వన్ మోర్' అన్నప్పుడల్లా వంగాను. ఆఖరిసారి లేచి, ఊపులో ముందుకి వాలేసరికి నడుములో ఎవరో గడియ పెట్టేసినట్టయింది. అంతే, జారిపోయిన చెవిపోగు వెతుక్కుంటున్నట్టు నేలచూపులు చూస్తూ ఉండిపోయాను. వెనకున్న పిల్లలంతా నన్ను చూసి చేసేవాళ్లు కదా, ఇదేదో కొత్త స్టెప్పనుకుని వాళ్లూ వరసగా అలాగే వంగిపోయారు. "వెరీ గుడ్! హోల్డ్ ఇట్!" అని విజిల్ మిస్ మురిసిపోయింది. నేను ఏడుస్తున్నానని ఆవిడకి తెలిసేసరికి అందరి నడుములూ నొప్పెట్టాయి.

ఆ వంకరతోనే ఇల్లు చేరాను. "ఓరి నాయనోయ్! పిల్లకి నడుం పట్టేసిందండోయ్!" అని అమ్మ పెట్టిన కేకకి పై ఫ్లాట్‌లో ఉండే, మేం ఖాలా అని పిలిచే రాయచోటి పిన్ని దిగొచ్చింది. అమ్మ ఉప్పు మూట కాపడం పెడుతూనే, "ఎదురుకాళ్లతో పుట్టినోళ్లు ఎవరన్నా తొక్కితే ఇట్టే పోద్దండి. ఈ ఎడారిలో ఎవరున్నారండి అలా పుట్టినోళ్లు?" అని వాపోయింది. ఖాలా మొహం వెలిగిపోయింది. "మా ఆయప్ప ఎదురుకాళ్లతోనే పుట్న్యాడు వదినా!" అంది.

ఖాలా భర్తకి అల్ రాయ్‌లో కార్లు బాగుచేసే పని. మేం గ్యారేజీ మామ అనేవాళ్లం. ఫోను చేస్తే చేతుల గ్రీజుతోనే వచ్చేశాడు. మనిషి గుమ్మం నిండా ఉంటాడు. నేను బోర్లా పడుకుని, తల తిప్పి ఆ పాదాలు చూసి, కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఆయన ఓసారి నావైపు, ఓసారి తన పొట్టవైపు చూసుకుని, "నేను తొక్కితే పాప ఖలాస్ అయిపోతాది వదినా. యల్లా, డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాడు. ఆ మాటకి నాకు నవ్వొచ్చింది, నవ్వితే నడుము పట్టేసింది, పట్టేస్తే ఏడుపొచ్చింది.

మామ పికప్‌లో క్లినిక్‌కి వెళ్లాం. ఈజిప్టు డాక్టరమ్మ నొక్కి చూసింది, కాళ్లెత్తించింది, అరబ్బీలో చాలాసేపు మాట్లాడింది. అమ్మ బిక్కమొహంతో, "ఏమంటందన్నయ్యగారూ?" అని అడిగింది. మామ మొత్తం విని తేల్చేశాడు. "ఏం లేదంట వదినా. ఎముక బాగుందంట. కండ అలిగిందంట. బతిమాలుకోవల్లంట."

ఆ బతిమాలడం ఎలాగో కూడా మామే అరటిపండు వొలిచినట్టు చెప్పాడు. వేడి కాపడం పెట్టాలి. అలాగని మంచానికి అతుక్కుపోకుండా మెల్లగా ఇంట్లో తిరగాలి. నొప్పి పూర్తిగా పోయేదాకా గెంతులూ, వెనక్కి వంగడాలూ మాఫీ. తర్వాతైనా ముందు ఒళ్లు వేడెక్కించి, పొట్ట కండలు గట్టిపడే కసరత్తు చేశాకే. "తొక్కించడం?" అని అమ్మ ఆశగా అడిగింది. మామ దాన్ని అరబ్బీలోకి మార్చగానే డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇంక అనువాదం అక్కర్లేకపోయింది.

విజిల్ మిస్ మాత్రం మంచిది. ఆ మర్నాటి నుంచి అందరిచేతా ముందు మెల్లగా పరుగెత్తించి, ఒళ్లు సాగదీయించి, వంగడాలు బాగా తగ్గించేసింది. నన్ను వరస చివర నిలబెట్టి, "ఓన్లీ షౌటింగ్" అంది. ముందు చోటు పోయినందుకు దిండు తడిసేలా ఏడ్చాను.

స్పోర్ట్స్ డే రోజు మావాళ్లు సరిగ్గా వంగిన క్షణంలో దుమ్ముగాలి లేచింది. చేతుల్లో ఊపే కుచ్చుల్లోని పసుపు కాగితాలు ఊడి వంగినవాళ్ల నోళ్లలోకి దూరిపోయాయి. దగ్గులే గాని కేకల్లేవు. నిలువునా నిలబడి ఉన్నది నేనొక్కదాన్నే. "ఎల్లో!" అని అరిచాను. నా గొంతు కీచుమంది. మళ్లీ అరిచాను. అంతలో జనంలోంచి ఇంకో గొంతు, "ఎల్లో! కానివ్వండమ్మా, ఎల్లో!" అంది. చూస్తే నాన్న! పక్కింటికి వినపడేలా ఏనాడూ మాట్లాడని మనిషి కుర్చీ ఎక్కి అరుస్తున్నాడు. పక్కన గ్యారేజీ మామ ఈలలు. మా పిల్లలు కాగితాలు ఉమ్మేసి, నవ్వుకుంటూ మళ్లీ అందుకున్నారు. మా హౌస్ ఆఖర్న వచ్చిందనుకోండి, అది వేరే సంగతి. ఇంటికొచ్చేసరికి నాన్న మాట బొంగురుపోయింది. "పరిగెట్టింది పిల్లలు, గొంతు పోయింది మీకా అండి?" అంటూ అమ్మ ఉప్పునీళ్లు పుక్కిలించమని ఇచ్చింది.

మొన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆ కేక ఇంకా ఉందో లేదో చూద్దామని బాల్కనీలో నిలబడి ఒక్కసారి పెట్టాను. ఈ వయసులో ఏం బుద్ధో నాకు! కింది ఫ్లాటావిడ రొప్పుకుంటూ మెట్లెక్కొచ్చి, "ఏమైందండీ?" అంది.

"ఏం లేదండీ, మా హౌస్ గెలిచింది" అన్నాను.