గీతకి బెత్తెడు వెనక

మా ఆవిడ నన్ను అనుమానప్పక్షి అంటుంది. పాలవాడు పోసి వెళ్ళిన పాలు నేను మళ్ళీ కొలిచి చూసుకున్నప్పుడల్లా అంటుంది. నేను కాదనను. నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలున్న వాళ్ళెవరూ కాదనలేరు. పూత మీదే కాపు కొనుక్కున్న వ్యాపారి మీద రైతుకి అనుమానం, రైతు మీద వ్యాపారికి అనుమానం, కాపలా మనిషి మీద ఇద్దరికీ అనుమానం. మా నాన్న సాయంత్రం పూట చెట్ల కింద నేలంతా ఊడ్పించి, పొద్దున్నే వెళ్ళి అడుగులు చూసుకునేవాడు. ఏ అడుగు ఎవరిదో పేరు పెట్టి చెప్పేవాడు. ఏ చెట్టు మొదట్లోనైనా కొత్త కత్తి గాటు కనబడితే ఆ పూట ఆయనకి అన్నం సహించేది కాదు. దొంగలు మంచి కాపున్న చెట్టు చూసుకుని పగలే గాటు పెట్టి పోతారని, తర్వాత తీరిగ్గా వస్తారని ఆయన నమ్మకం. ఆరెకరాల తోటతో పాటు ఆ చూపు కూడా నాకు సంక్రమించింది.

ఇలాంటివాడు డార్ట్స్ లీగ్ నడపటమేమిటని అనుకుంటారేమో. ఊరి చివర రోడ్డు పక్కన నాకొక షెడ్డు ఉంది. కాయలు ఏరి పెట్టెలకి ఎత్తేది అందులోనే. సీజన్లో కాలు పెట్టటానికి చోటుండదు, మిగతా రోజుల్లో ఎలుకలు తప్ప ఎవరూ రారు. ఒకసారి విజయవాడలో పెళ్ళికి వెళ్ళి, దిగిన హోటల్లో డార్ట్ బోర్డు చూశాను. గుండ్రటి బోర్డు, చేతిలో మూడు చిన్న బాణాలు, నిలబడటానికి నేల మీద ఒక గీత. మర్నాడే ఒక బోర్డు కొని తెచ్చి షెడ్డు గోడకి కొట్టాను. మొదట మెడికల్ షాపు యజమాని వచ్చాడు. ఆయన వెనక స్కూలు మాస్టార్లు, బస్ డిపో వాళ్ళు వచ్చారు. రెండేళ్ళు తిరిగేసరికి మైలవరం, విస్సన్నపేటల నుంచి కూడా జట్లు వచ్చి మొత్తం ఆరయ్యాయి. దసరా వెళ్ళాక మొదలుపెట్టి, పిందె గట్టిపడేలోగా ముగించేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నాలు ఆట. ఐదు వందల ఒకటితో మొదలుపెట్టి, వేసిన పాయింట్లు తీసేసుకుంటూ సున్నాకి దిగాలి. లీగ్‌కి అధ్యక్షుణ్ణి, కార్యదర్శిని, తప్పొప్పులు తేల్చేవాణ్ణి అన్నీ నేనే. ఇంకొకరి చేతిలో పెట్టటానికి మనసొప్పలేదు.

గీత కూడా నేనే గీశాను. బోర్డు ముఖం నుంచి ఏడు అడుగుల తొమ్మిదింపావు అంగుళాలు ఉండాలని ఫోనులో నాలుగు చోట్ల చదివి, టేపుతో కొలిచి, ఎర్ర పెయింటుతో గీశాను. గురి తప్పిన బాణాలకి గోడ సున్నం పెచ్చులూడుతుంటే, రెండో ఏడు పాత పెట్టెల చెక్కలతో ఫ్రేము కట్టించి, లోపల గోనె సంచులు దట్టించి, బోర్డుని దాని మీద బిగించాను. ఆ పనితనం అందరికీ చూపించి మురిసిపోయాను.

మొన్నటి లీగ్ సీజన్లో విస్సన్నపేట జట్టులో ఒకాయనకి టైఫాయిడ్ జ్వరం వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ పదిహేనెకరాల తోట ఉన్న రైతు. జ్వరం వచ్చినాయన బదులు తన తోట కాపలా మనిషిని వెంటబెట్టుకొచ్చాడు.

"ఇంటి దగ్గర నాకు జోడీ లేకపోతే ఇతనితోనే ఆడతానండీ. చెయ్యి బాగుంటది," అన్నాడు.

యాభై దాటిన మనిషి. చెప్పులు గుమ్మం బయట విడిచి, తువ్వాలు నడుముకి బిగించుకుని వచ్చాడు. చిలకల్ని తోలటానికి ఏళ్ళ తరబడి వడిసెల తిప్పిన చెయ్యి అది. బాణం వదిలాక ఆ చెయ్యి కాసేపు గాల్లోనే ఆగేది. మొదటి ఆదివారం మాస్టార్ల జట్టుని ఒక్కడే ఓడించాడు. రెండో ఆదివారం డిపో జట్టుని ఓడించాడు. మూడో ఆదివారానికి నాకు నిద్ర పట్టటం మానేసింది.

మెడికల్ షాపాయనది అప్పటిదాకా ఎదురులేని జట్టు. ఆయన నన్ను పక్కకి పిలిచాడు.

"ఒకటి గమనించారా? ఎవరైనా గీత మీద బొటనవేలు ఆనించి, వీలుంటే ఇంకాస్త ముందుకి జరగాలని చూస్తారు. ఇతనేంటండీ, వెనక్కి నిలబడతాడు? ఏదో ఉంది."

ఏదో ఉందని నాకూ అప్పటికే అనిపించింది, ఇంకొకరి నోట వినేసరికి అది రూఢి అయిపోయింది. ముందు అతని బాణాలు తీసి చూశాను. అవి లీగ్ బాణాలే, నేను కొన్నవే. కళ్ళజోడు లేదు, చేతికి మంత్రించిన తాడు లేదు. ఇక మిగిలింది నేల. సెమీ ఫైనల్ రోజు పొద్దున్నే షెడ్డు గచ్చు కడిగించి, ఆరాక గీత వెనకాల ముగ్గుపిండి కనబడీ కనబడకుండా జల్లాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏవండీ, ఇది ఆటా, పోలీస్ స్టేషనా?"

"నీకు తెలీదు, ఊరుకో."

"నాకు తెలుసు. మావయ్యగారు కూడా ఇంతే," అని వెళ్ళిపోయింది.

ఆ రోజు అతనే ఆడి గెలిపించాడు. అందరూ వెళ్ళాక తలుపు వేసుకుని నేల మీద మోకాళ్ళేశాను. చెప్పుల్లేకుండా ఆడేది అతనొక్కడే కాబట్టి వెతకాల్సిన పని లేకపోయింది. అన్నిసార్లు వేసినా కుడి కాలి వేళ్ళు ఒక్క చోటే పడ్డాయి, గీతకి సరిగ్గా బెత్తెడు వెనక. చూడకుండా అంత కచ్చితంగా ఎవరూ నిలబడలేరు. అక్కడ పిండి తుడిచి చూస్తే గచ్చు మీద వేలెడంత గీరుడు ఉంది. మేకుతో గీసిన గాటు. నిజం చెప్పాలంటే సంతోషం వేసింది, నా అనుమానం వృథా పోలేదని.

తర్వాతి ఆదివారం ఫైనల్. ఆరు జట్లూ వచ్చాయి. ఆట మొదలుపెట్టకుండా అందర్నీ గీత దగ్గరికి పిలిచి గాటు చూపించాను.

"ఇది ఎవరు పెట్టారు?"

అతను వెంటనే ముందుకొచ్చాడు. "నేనేనండి బాబుగారు. మేకుతో గీశానండి."

"ఎందుకు?"

అతను తన రైతు వంక చూశాడు. "నిలబట్టానికండి. మా ఆసామి గారింటి కాడ ఎంత దూరం నుంచి వేస్తామో, పుల్లతో కొలిచి ఈడ గుర్తు పెట్టుకున్నానండి. ఈ గీత కాడ్నించైతే..."

"గీత నేను గీశాను," అన్నాను.

నా గొంతు ఎంత పైకి లేచిందో షెడ్డు రేకులకి తెలుసు. అతను ఆగిపోయాడు. చెప్పబోయింది మింగేసి, "సరేనండి," అన్నాడు. అప్పుడైనా నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. మా తోటల్లో చాటుగా గాట్లు పెట్టేది ఎవరో అందరికీ తెలుసని, ఇలాంటి గుర్తులతో ఆడటం కుదరదని, ఈ మనిషి ఫైనల్ ఆడకూడదని తీర్పు చెప్పాను. దొంగ అనే మాట నేను వాడలేదు. వాడాల్సిన అవసరం లేకుండా చెప్పాను.

పిందె దిగే రోజులవి. తోటలకి కాపలా మనుషుల్ని మాట్లాడుకునేది అప్పుడే. కాపలా మనిషి మీద చిన్న మాట పడితే ఆ ఏడు అతనికి తోట దొరకదు, మరుసటి ఏడు కూడా దొరకదు. ఆ సంగతి నాకు తెలియదని ఎవరి ముందూ అనలేను. అతను గుమ్మం దగ్గర చెప్పులేసుకుని, ఎండలో బస్టాండు వైపు నడిచి వెళ్ళాడు. అతని రైతు నేల చూపులు చూశాడు. ఫైనల్ మెడికల్ షాపు జట్టు గెలిచింది. ఎవరూ పెద్దగా చప్పట్లు కొట్టలేదు.

రెండు వారాల తర్వాత సీజన్ కోసం షెడ్డు ఖాళీ చేస్తున్నాం. పెట్టెల వరసలు ఎంత వరకు వస్తాయో చూద్దామని టేపు తీశాను. మా ఆవిడ ఒక కొస పట్టుకుని, తోచినచోట, అంటే డార్ట్ బోర్డుకి ఆనించింది. టేపు గీత మీదుగా పోతోంది. ఊరికే అలవాటు కొద్దీ అంకె చూశాను. ఏడడుగుల ఆరు. మళ్ళీ చూశాను. ఆవిడని కొస గట్టిగా పట్టుకోమన్నాను.

"గట్టిగానే పట్టుకున్నానండీ. ఏమైంది?"

ఫ్రేము అయింది. చెక్కలు, గోనెలు కలిసి బోర్డుని బెత్తెడు ముందుకి తెచ్చాయి. గీతని వెనక్కి జరపాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. ఫ్రేము కట్టించినప్పట్నుంచీ జట్లన్నీ దగ్గర నుంచే ఆడాయి. టేపుని ఇంకాస్త లాగితే ఏడు అడుగుల తొమ్మిదింపావు సరిగ్గా ఆ మేకు గాటు మీద పడింది. ఆరు జట్లలో నియమం ప్రకారం ఆడినవాడు అతనొక్కడే, అదీ తనకి కష్టం చేసుకుని. ఆ మాటే చెప్పబోతే నేను నోరు మూయించాను. మా ఆవిడ టేపు కొస వదిలేసి పెట్టెలు సర్దటానికి వెళ్ళింది. ఏదైనా అంటే బాగుండుననిపించింది.

ఆ పూటే లీగ్ వాట్సాప్ గ్రూపులో ఉన్నదున్నట్టు రాశాను. గీత తప్పు, తప్పు నాది, అతనిది కాదు అని. మెడికల్ షాపాయన బొటనవేలు బొమ్మ పెట్టాడు. మిగతావాళ్ళు అది కూడా పెట్టలేదు. మర్నాడు బస్సెక్కి విస్సన్నపేట రైతు ఇంటికి వెళ్ళాను. ఆయన మజ్జిగ ఇప్పించి, మర్యాదగా కూర్చోబెట్టి చెప్పాడు.

"మీరు రాసింది చూశానండీ. అతనికీ చదివి వినిపించాను. కానీ ఈ ఏడు వేరే మనిషిని పెట్టుకున్నాను. కాపు కొన్నాయన వచ్చి, గాట్లు పెట్టినాయనేనా మీ కాపలా అని అడిగాడండీ. నేనేం చెప్పను?"

"అది ఆటలో గాటని చెప్పొచ్చు కదండీ."

"చెప్పాను. ఏమీ లేందే నూజివీడు వాళ్ళు అంతమందిలో ఎందుకంటారు అన్నాడు. మీరే గదండీ అంది."

మజ్జిగ గ్లాసు సగంలో పెట్టేసి లేచాను. ఒక దారి ఉందని నాకు తోచింది. నాకూ తోట ఉంది. ఈ ఏడు కాపు అమ్మలేదు, నేనే కోయించుకుందామనుకున్నాను. అతన్ని నా తోటకే పెట్టుకుంటే చూసేవాళ్ళందరికీ అదే జవాబు. అతని ఇల్లు అడిగి బయల్దేరితే దారిలో బస్టాండు దగ్గరే కనిపించాడు. కుడి చేతిలో బరువైన సంచి ఉంది. నన్ను చూసి తువ్వాలు భుజం మీద నుంచి తీశాడు. ఆ మర్యాదకి నాకు ఇంకా కష్టమనిపించింది.

"ఎక్కడికయ్యా?"

"ఉంగుటూరు వైపండి. మినుము పీకుడుంది, నాల్రోజులు."

జరిగింది చెప్పాను. టేపు సంగతి, గాటు సంగతి, అన్నీ. అతను తలూపుతూ విన్నాడు. అదంతా అతనికి నాకంటే ముందే తెలుసు.

"నా వల్ల తప్పు జరిగింది. మనసులో పెట్టుకోకు. మా తోటకి రా. ఆరెకరాలు. కాపు దిగేదాకా నువ్వే చూసుకుందువు గాని."

"వద్దులెండి బాబుగారు."

"తప్పు నాదని అందరికీ చెప్పాను కదయ్యా."

"చెప్పారండి. మీరు మంచోరేనండి, లేకపోతే ఇంత దూరం రారు. కానీ గాలికి నాలుగు కాయలు రాలినా మీరు ముందు నా వంకే చూస్తారండి. మీకు తెలీకుండానే చూస్తారు. ఇప్పుడు కూడా చూస్తన్నారు."

నేను ఏం చూస్తున్నానో అప్పుడు తెలిసింది. మాట్లాడినంతసేపూ నా కళ్ళు అతని సంచి మీదే ఉన్నాయి. కోపం లేకుండా, అతను సంచి కింద పెట్టి, మూతి తాడు విప్పి, రెండు చేతులతో తెరిచి పట్టుకున్నాడు.

వద్దని అనాల్సింది. వంగి చూశాను.