కాంట్రాక్టులో లేని స్నానాల గది

కువైట్‌లో ఇంటింటికీ తిరిగి వాటర్ హీటర్లు బాగుచేసే కంపెనీలో పనిచేస్తాను. ఏడో తరగతిలోనే బడికి సలాం కొట్టినా, మా కాంట్రాక్టులో ‘ఇవి వర్తించవు’ అనే పేజీ మాత్రం నాకు కంఠతా వచ్చు. తుప్పు వర్తించదు. పాతబడటం వర్తించదు. పరాయి చెయ్యి పడ్డ హీటర్ వర్తించదు. మేడ మీద గది, డ్రైవర్ గది వర్తించవు. మరి వర్తించేదేంటని ఎవరైనా అడిగితే, చక్కగా పనిచేస్తున్న హీటర్ అని చెప్పి నవ్వించేవాణ్ణి.

మొన్నటి చలికాలం జాబ్రియాలో ఒక విల్లాకు ఏడాది చెకింగ్‌కు వెళ్లాను. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, ఆ ఇంట్లో పనిచేసే రాయచోటి ఆవిడ దగ్గరికొచ్చింది.

“అన్నా, మిద్దె మీద నా గదిలో హీటరు షాక్ కొడ్తాండాది. కొళాయి ముట్టుకుంటే మోచేయి దాకా జిల్లుమంటాది. రోంత చూసి పోన్నా.”

పైకెక్కి చూశాను. అడుగంతా తుప్పు తినేసింది. ఎర్త్ తీగ లేనే లేదు. కొత్తది పెట్టాల్సిందే.

“అక్కా, దీన్ని ముట్టకు. ఇది నీళ్లు కాగబెట్టేది కాదు, మనిషిని కాగబెట్టేది,” అని స్విచ్ కట్టేశాను.

“అయితే మార్చవా?”

“నీ గది మా కాంట్రాక్టుల లేదక్కా. కింద ఇంట్ల ఉన్నయే మావి.”

“నేనుండేది ఈ ఇంట్లో కాదాన్నా?”

“పనికి ఇంట్లనే. స్నానానికి బయట.”

ఇద్దరం నవ్వుకున్నాం. కిందికొచ్చి మేడమ్‌కు చెబితే తర్వాత చూద్దామంది. ఎవరూ చూడలేదు. మేడ మీది ట్యాంకు నీళ్లు ఆ చలికి ఐసు ముక్కల్లా ఉంటాయి. వంటింట్లో కాచుకుని పైకి మోసుకెళ్దామంటే, పాలరాతి మెట్ల మీద చుక్కలు పడుతున్నాయని మేడమ్ వద్దంది.

ఇక ఆవిడా, ఆ ఇంటి డ్రైవరూ కలిసి నా మాటను తమకు తోచినట్టు అర్థం చేసుకున్నారు. కింద ఉన్నవే కంపెనీవైతే, చెడ్డదాన్ని కిందికి దించేస్తే సరి! మేడమ్ బయటికెళ్లిన పూట, మగ అతిథులు కూర్చునే దివానియా పక్క బాత్రూంలో మంచి హీటర్ విప్పి పైన బిగించారు. పైది తెచ్చి అక్కడ పెట్టారు. స్విచ్ కట్టేసి, దివానియా హీటర్ చెడిపోయింది, కంపెనీకి ఫోన్ చెయ్యమని ఆవిడ మేడమ్‌తో చెప్పింది.

కంపెనీ కంటే ముందు మేడమ్ తమ్ముడు వచ్చాడు. నమాజుకు ముందు చేతులు కడుక్కోబోయి, తనే స్విచ్ వేసుకున్నాడు. కొళాయి ముట్టగానే షాక్ కొట్టింది. ప్రాణం దక్కింది. పడటంలో తల గోడకు కొట్టుకుని కుట్లు పడ్డాయి. ఆ పూటే నన్ను అర్జెంటుగా పరిగెత్తించారు.

ఆ తుప్పు చూడగానే పోల్చుకున్నాను. “ఏందక్కా, దీనికి కాళ్లొచ్చినయా?” అన్నాను మెల్లగా.

ఆవిడ నవ్వలేదు. “చెప్పొద్దున్నా, నీకు దండం పెడ్తా. మామా నన్ను తరిమేస్తాది.” ఇక్కడ పనివాళ్లు మేడమ్‌ను మామా అనే పిలుస్తారు.

నేను చెప్పే పనే పడలేదు. కొత్త హీటర్ కావాలంటే పాతదాని మీది నంబరు ఫొటో ఆఫీసుకు పంపాలి. పంపిన వెంటనే సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.

“ఈ నంబరు మన లిస్టులో లేదు. ఎవరో పీకి మార్చారు. ఆ ఇంటికి కాంట్రాక్టు ఖలాస్. మేడమ్‌కు ఫోనివ్వు.”

అంతా విన్నాక మేడమ్ మా ముగ్గురి వైపూ చూసి, ఎవరి పని అని అడిగింది. డ్రైవర్ నేల చూశాడు.

“నేనే మామా,” అంది ఆవిడ.

మేడమ్ అరవలేదు. పని బాగా చేస్తుంది కాబట్టి ఉంచుతున్నానంది. తర్వాత నావైపు తిరిగి, వచ్చీరాని హిందీలో, “పైది విప్పి కింద పెట్టు,” అంది.

“మరి పైన, మేడమ్?”

“ఎండాకాలం వస్తుందిగా. ట్యాంకు నీళ్లే కాగుతాయి.”

మళ్లీ పైకెక్కాను. కరెంటు తీసేసి, నీళ్లు వదిలేయడానికి పైపు వదులు చేస్తుంటే వేడి నీళ్ల పొగలొచ్చాయి.

“ఆగున్నా! పారబోయొద్దు!”

బకెట్లు, గిన్నెలు, ఇల్లు తుడిచే డబ్బా కూడా తెచ్చి నింపుకుంది. “తలకు పోసుకుంటా. రోంతసేపు బయట నిలబడన్నా,” అని తలుపేసుకుంది.

నేను ట్యాంకుల పక్కన చలిగాలికి నిలబడ్డాను. లోపల చెంబు చప్పుడు వినిపిస్తోంది. ఫోన్ మోగింది.

“యల్లా, తొందరగా కానీ! ఇంకెంతసేపు?” అన్నాడు సూపర్‌వైజర్.

“నీళ్లు దిగుతున్నయ్ సార్,” అన్నాను.